పాత వ్యానులో చీమకుర్తి దాకా

బెంగుళూరు నగరానికి దక్షిణంగా, బన్నేరుఘట్ట అడవి అంచు దాటి వెళితే, ఆనేకల్లు తాలూకాలో జిగణి అనే ఊరు ఉన్నది. మన సమాజం సభ్యులలో చాలామంది ఈ పేరు బస్సుల బోర్డుల మీద చూసే ఉంటారు గాని, పనిగట్టుకొని దిగి చూసినవారు తక్కువ. చూడడానికి అక్కడ కోట లేదు, పెద్ద గుడి లేదు. ఒకప్పుడు చెరువు, రాగి చేలు, పట్టుపురుగులు పెంచే ఇళ్ళు ఉండేవి. ఇప్పుడు పారిశ్రామిక వాడ. అందులో రాళ్ళ కార్ఖానాలు ముఖ్యం. ఇంటి ప్రమాణంలో ఉండే రాతిదిమ్మలు లారీల మీద వస్తాయి. క్రేను వాటిని దింపుతుంది. గ్యాంగ్‌సా అనే పెద్ద రంపం వాటిని రొట్టెలు కోసినట్టు పలకలుగా కోస్తుంది. పక్కనే మెరుగు పెట్టే యంత్రాలు. వాటి కిందనుంచి మజ్జిగలాంటి తెల్లని నీళ్ళు రాత్రింబవళ్ళు పారుతూ ఉంటాయి. ఇక్కడ మెరుగు పట్టిన పలకలు ఏ దేశాలకు వెళుతున్నాయో చెబితే చదువరులు నమ్మరు.

ఆ కార్ఖానాలలో ఒకదానిలో మేము గుమాస్తాగా ఉన్నాము. దిమ్మ వచ్చిన తేదీ, లారీ నంబరు, కొలతలు, బరువు, వచ్చిన చోటు ఆవర్జాలో ఎక్కించడం మా పని. వచ్చిన చోటు అన్న గడిలో ఎక్కువసార్లు రాసిన పేరు చీమకుర్తి. నల్లరాతిలో బంగారు చుక్కలు చల్లినట్టుండే రాయి ఆ ఊరిదే. దానిని బజారులో బ్లాక్ గెలాక్సీ అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ పేరు రాస్తూ వచ్చాము గాని ఊరు చూడలేదు. ఫోనులో మాత్రం ఆ ఊరితో రోజూ మాట్లాడుతాము. అక్కడి కాటా దగ్గర గుమాస్తా ఒకాయనతో పదకొండేళ్ళ పరిచయం. ఒకరి ముఖం ఒకరం చూడలేదు.

ఇంతలో మా వ్యానుకు గడువు దగ్గరపడింది. ఇది 2004 నాటి మారుతీ ఓమ్ని. 1984లో మారుతీ వ్యాన్ అన్న పేరుతో మొదలై, 2019లో తయారీ ఆగిపోయిన బండి. 796 సీసీల యంత్రం ముందు సీట్ల కిందనే ఉంటుంది కాబట్టి, చలికాలంలో డ్రైవరు పక్కన కూర్చున్నవారికి సుఖం, ఎండాకాలంలో ఆ సుఖమే శిక్ష. సినిమాలలో పిల్లలను ఎత్తుకుపోయే దొంగలకు ఈ బండే ఎందుకు ఇస్తారో గాని, మా పిల్లలను మాత్రం బడికి, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు ఎత్తుకుపోయింది ఇదే. పదిహేనేళ్ళు నిండినప్పుడు ఐదేళ్ళకు పొడిగించుకున్న ఆర్.సి. 2024 ఫిబ్రవరితో తీరుతుంది. మళ్ళీ పొడిగిస్తారో లేదో, పొడిగించడానికి అయ్యే ఖర్చు బండి విలువను మించుతుందేమో అని ఇంట్లో చర్చ. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము ఆరు వందల నుంచి ఐదు వేలు అయింది మరి. ఈ చర్చలో మా నాన్నగారు, “అమ్మే ముందు ఒకసారి నా బడి చూపించండిరా” అన్నారు. ఆయన చదివినది హోసూరు తాలూకాలో బాగలూరు పక్కన ఒక పల్లె. అక్కడికి పోతే చీమకుర్తికి కూడా పోదామని మేము అన్నాము. ఆ రెండూ ఒక దారి కాదని మా శ్రీమతి చెప్పింది. నిజమే. రాళ్ళ లారీలు కోలారు మీదుగా వస్తాయి, హోసూరు వైపు రావు. అయినా 2024లో జనవరి 26 శుక్రవారం పడింది. మూడు రోజుల సెలవు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది?

నాన్నగారు, మా దంపతులం, ఏడో తరగతి చదివే అమ్మాయి, మూడో తరగతి చదివే అబ్బాయి, బండి నడపడానికి మా తోడల్లుడు, మొత్తం ఆరుగురం. పులిహోర, చపాతీలు, రెండు బిందెల నీళ్ళు, ఒక పాత టైరు పెట్టుకొని తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాము.

ఆనేకల్లు దాటి అత్తిబెలె చేరేసరికి ఇంకా చీకటి. మొదటి సరిహద్దు ఇదే. మాకు ఈ చోటు కాగితం మీద బాగా తెలుసు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా ఇక్కడ వాణిజ్యపన్నుల చెక్‌పోస్టు ఉండేది. ఒక్క కాగితంలో ఒక్క అంకె తేడా పడితే లారీ రాత్రంతా ఇక్కడ నిలిచేది, డ్రైవరు ఫోను చేస్తే మేము పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు ఈ-వే బిల్లు ఫోనులోనే ఉంటుంది. సరకుకు అడ్డు లేని సరిహద్దు మనిషికి ఎలాగూ లేదు. కన్నడ బోర్డు ఒకటి వెళ్ళిరమ్మన్నది, తమిళ బోర్డు ఒకటి రమ్మన్నది. అంతే, పరరాష్ట్రం.

హోసూరులో టిఫినుకు ఆగాము. హోటలువాడు వేరేవారితో తమిళం మాట్లాడుతున్నాడు. మా నాన్నగారి ముఖం చూడగానే, “ఏమి తింటారు సామీ?” అని తెలుగులో అడిగాడు. ఎలా పోల్చాడో దేవుడికే తెలియాలి. హోసూరు పూర్వం సేలం జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడితే అందులో చేరింది, 2004లో కృష్ణగిరి జిల్లాకు వచ్చింది. జిల్లా రెండుసార్లు మారినా ఊళ్ళో మాట మారలేదు. రాజాజీ పుట్టిన తొరపల్లి ఇక్కడికి దగ్గరే. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు గీసినప్పుడు ఈ తాలూకాలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇళ్ళలో ఉండేవి, గీత ఎటు గీసినా ఎవరో ఒకరి ఇంటి మధ్యనుంచి పోవలసిందే. తాలూకా మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. మా తాతగారు 1959లో బెల్లం వ్యాపారానికని ఆనేకల్లు వచ్చారు. అప్పటికి నాన్నగారు ఐదో తరగతి పూర్తి చేశారు, అంతా తెలుగులోనే.

బాగలూరు పక్క పల్లెకు ఎనిమిదిన్నరకు చేరాము. గణతంత్ర దినం కాబట్టి బడి తెరిచే ఉన్నది. ముగ్గు వేసి, జెండా కట్టి, పిల్లలను వరుసగా నిలబెట్టారు. నాన్నగారు చదివిన పెంకుటిల్లు లేదు, దాని స్థలంలో డాబా ఉన్నది. చింతచెట్టు మాత్రం ఉన్నది. బోర్డు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నది. గోడ మీద రాసినవి తమిళంలో. నాన్నగారు గేటు దగ్గరే నిలబడి చాలాసేపు చూశారు. జెండా ఎగిరింది, చాక్లెట్లు పంచారు. పంచగానే వరుసలు చెదిరి పిల్లలు చింతచెట్టు కిందకు పరుగెత్తి ఆట మొదలుపెట్టారు. ఆ అరుపులన్నీ తెలుగే. “రేయ్, నువ్వు దొంగ!” “నేను కాదు, వాడు!” మా అబ్బాయి ఎవరూ పిలవకముందే పోయి కలిశాడు.

అక్కడి ఉపాధ్యాయురాలు ఒకావిడ, నడివయసు మనిషి, మాతో ఆప్యాయంగా మాట్లాడింది. ఆమె ఇంట్లో కూడా తెలుగే. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి పాఠంగా చేస్తూ చట్టం వచ్చింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున పెంచుతూ 2015–16కు పదో తరగతికి తెచ్చారు. దానిపై అల్పసంఖ్యాక భాషలవారు కోర్టులకు పోయారు, కొన్నేళ్ళు పరీక్షలో మినహాయింపులు తెచ్చుకున్నారు. ఆవిడ దీన్ని తిట్టుగా చెప్పలేదు. “ఉన్న ఊరి భాష నేర్చుకోవాల కదా సార్. నేర్చుకుంటారు. అమ్మభాష రాసేది మాత్రం మరిచిపోతారు” అన్నది. మాకు జవాబు తోచలేదు. మన సంగతి మాత్రం వేరా? కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం కన్నడం నేర్వవలసిందే. నేర్చుకున్నాము, దాని అన్నమే తింటున్నాము, అందులో వెలితి ఏమీ లేదు. మేము మెట్రిక్యులేషను వరకు చదివినది కన్నడంలోనే. తెలుగు అక్షరాలు నాన్నగారు చందమామ ముందు పెట్టి నేర్పారు. మా అమ్మాయికి అదీ లేదు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది, ఈ పత్రిక వస్తే బొమ్మలు చూసి పక్కన పెడుతుంది. మన ఇళ్ళలో ఎన్నింట ఇదే కథో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

నాన్నగారు చింతచెట్టు కింద పడిన కాయలు నాలుగు ఏరి జేబులో వేసుకున్నారు. పదింటికి కదిలాము.

హోసూరు దాటాక దక్షిణపినాకిని వస్తుంది. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. నంది కొండలలో పుట్టి, మన బెంగుళూరు పక్కనుంచి వచ్చి, బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు మోసుకొని హోసూరు చేరుతుంది. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర నురుగు తెప్పలుగా లేస్తుందని పత్రికలలో బొమ్మలు వస్తూనే ఉంటాయి. పొరుగింటికి మనం పంపే సారె ఇది. సరిహద్దు దగ్గర ఈ నీళ్ళనెవరూ బిల్లు అడగరు.

కృష్ణగిరి దాకా రోడ్డు దివ్యంగా ఉన్నది, చెప్పుకోవడానికి ఏమీ లేదు. కృష్ణగిరిలో మామిడి ముచ్చట ఒకటి చెప్పాలి. చిలకముక్కులా కొన వంగి ఉండే కాయను మనం బెంగుళూరులో గిణిమూతి అంటాము, తమిళులు కిళిమూక్కు అంటారు. రెండింటికీ అర్థం చిలకముక్కే. చిత్తూరు వైపు తోతాపురి అంటారు, అదీ చిలక పేరే. కోస్తాలో అదే కాయను కలెక్టరు అంటారట. అధికారిని చిలకతో పోల్చిన తెలివి ఎవరిదో!

పెద్ద రోడ్డు వదిలి మహారాజకడై మీదుగా కుప్పం దారి పట్టాము. ఇక్కడనుంచి కొండలు, చింతతోపులు, ఏనుగులు తిరుగుతాయన్న హెచ్చరిక బోర్డులు. రెండో సరిహద్దు ఈ దారిలోనే ఉన్నది, అత్తిబెలె ఆర్భాటం ఏమీ లేదు. తారు రంగు మారింది, బోర్డు లిపి మారింది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఈ ప్రాంతంలో గీతను ఒకసారి సరిదిద్దారు కూడా. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసుకు పోయింది, బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల పల్లెలు కొన్ని ఆంధ్రకు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన తిరుత్తణి ఆ విధంగా రాత్రికి రాత్రి రాష్ట్రం మారింది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టడం ఈ మూలకు తగినపనే. భోజనం వేళ దాటుతున్నదని మేము లోపలికి వెళ్ళలేదు.

కుప్పం బయట రోడ్డు పక్క రాయి మీద మా అమ్మాయి ఒక మాట చదివింది. ఎవరూ చదవమనలేదు. కిటికీ పక్కన కూర్చుని ‘ప... ల... మ...’ అన్నది. తరువాతి అక్షరం దగ్గర ఆగింది. కన్నడ అక్షరాలు తెలిసినవారికి తెలుగు అక్షరాలు అక్కచెల్లెళ్ళ ముఖాలు. తలకట్టు కన్నడంలో చూరులా అడ్డంగా ఉంటుంది, తెలుగులో చిన్న టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. ఆ కిటుకు పట్టుకుంటే సగం వర్ణమాల చేతికి వచ్చినట్టే. క, త, శ వంటివి కొన్ని వేరుగా ఉంటాయి, కొన్ని గుణింతాలు పెట్టే తీరు వేరు. ‘నే’ దగ్గర ఏత్వం ఆమెకు అడ్డుపడింది. నాన్నగారు చెప్పబోతే మా శ్రీమతి సైగ చేసి ఆపింది. మైలు గడిచాక ఇంకో రాయి వచ్చింది. “పలమనేరు!” అని కేక వేసింది. పలమనేరు పేరు విని అంత సంతోషించిన కుటుంబం ఆ దారిన మరొకటి పోయి ఉండదు.

ఆ తరువాత పాలారు. ఇదీ నంది కొండల బిడ్డే. మొత్తం 348 కిలోమీటర్ల నదిలో 93 కర్ణాటకలో, 33 ఆంధ్రలో, 222 తమిళనాడులో. ఆంధ్రకు దక్కిన ఆ 33 కిలోమీటర్లలో 2006లో కుప్పం దగ్గర గణేశపురం వద్ద ఆనకట్ట కడతామంటే తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నదుల నీళ్ళ గురించి మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు 1892లోనే ఒడంబడిక రాసుకున్నాయి. తగవు పాతదే. మేము చూసినప్పుడు ఇసుకలో రెండు పాయలు, నాలుగు గేదెలు, ఒక కొంగ.

వి.కోట చేరడానికి ముందు చిన్న ఎత్తులో బండి ముందునుంచి ఆవిరి లేచింది. రేడియేటరు గొట్టం చీలింది. గొట్టం ముసలిదైంది, దాన్ని అనడానికి లేదు. బిందెల నీళ్ళు పోస్తూ, ఆగుతూ, ఫర్లాంగుకొకసారి ప్రార్థిస్తూ వి.కోట మెకానిక్ దగ్గరకు చేరాము. పాతికేళ్ళ కుర్రాడు. మా తోడల్లుడితో కన్నడంలో, పక్కవాడితో తమిళంలో, ఫోనులో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడాడు. “హోసు పోయిండాది సార్, అంతే. ఇంజనుకేం కాలేదు” అని ధైర్యం చెప్పాడు. గొట్టం మార్చుతూ, “మీది యా ఊరు?” అని అడిగాడు. బెంగుళూరు అన్నాము. “అదే అనుకొంటి. కన్నడమోళ్ళు తెలుగు బాగా మాట్లాడతా ఉండారే అని” అన్నాడు. తెలుగువాళ్ళమేనని మా శ్రీమతి కొంచెం గట్టిగానే చెప్పింది. కుర్రాడు నవ్వి, “అట్లయితే మీరు మనోళ్ళే” అని చెప్పి రెండు వందలు తగ్గించాడు. బెంగుళూరులో తెలుగువారిమి, తమిళ పల్లెలో వడుగులం, ఆంధ్రలో కన్నడమోళ్ళం. ఎక్కడివాళ్ళమన్నది ఎప్పుడూ ఎదుటివాడే తేల్చుతాడు గాని, బేరం తగ్గినందుకు మాకు ఫిర్యాదు లేదు.

రాత్రి పలమనేరులో పడుకున్నాము. మరునాడు మొగిలి కనుమ దిగుతుంటే పీఠభూమి చల్లదనం వెనకే ఉండిపోయింది. చిత్తూరు చేరేసరికి స్వెటర్లన్నీ సీటు కిందికి పోయాయి. తిరుపతిలో కొండ ఎక్కే వ్యవధి లేదు. అలిపిరి దగ్గరే మొక్కి, ‘మళ్ళీ వస్తాం’ అని స్వామికి గడువు అడిగాము. ఆ పక్కలనుంచే 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి పల్లకీ మీద కాశీకి వెళ్ళారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసి. పదిహేను నెలలు తిరిగి, చూసినదల్లా రాసిపెట్టారు. కచేరీ ఉద్యోగికి అన్ని నెలల సెలవు ఇచ్చిన ఆ దొరలెవరో గాని, ఈ రోజుల్లో మూడు రోజులకే నాలుగు సంతకాలు కావాలి.

శ్రీకాళహస్తి బోర్డు దగ్గర అమ్మాయికి కష్టకాలం వచ్చింది. మొదటి ‘శ్రీ’నే దాటలేకపోయింది. నాయుడుపేటలో పెద్దరోడ్డు కలిసి, నెల్లూరు దగ్గర పెన్న దాటాము. దీనికే ఉత్తరపినాకిని అని పేరు. ఇదీ నంది కొండలదే. అక్కడ పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఇక్కడికి వస్తుంది. నాన్నగారు వంతెన మీద బండి ఆపించబోయారు గాని వెనక లారీలు ఊరుకోలేదు. నెమ్మదిగా పోనిచ్చాము. రెండు రోజులలో దాటిన మూడు నదులూ మన పక్క కొండ పిల్లలే. మూడింటిలో ఎక్కువ నీళ్ళు కనిపించినది ఇందులోనే.

అప్పటికి మాట తీరు కూడా మారింది. చిత్తూరులో ‘ఉండాది’, ‘వస్తిమి’ అంటుంటే మాకు పుట్టింటి మాటలా ఉన్నది. ఒంగోలుకు వచ్చేసరికి ప్రతి మాటకూ ‘అండీ’ చేరింది. లాడ్జిలో కుర్రవాడు మా అబ్బాయిని కూడా ‘బాబుగారండీ’ అన్నాడు. వాడు రాత్రంతా ఆ బిరుదు వదలలేదు.

చీమకుర్తి ఒంగోలుకు పడమరగా, కర్నూలు రోడ్డు మీద ఉన్నది. ఆదివారం ఉదయం ఎనిమిదికి ఊరి బోర్డు కనిపించింది. బండి ఆపమని అమ్మాయే అడిగింది. ‘చీ... మ... కు...’ అని ఆగి, “రి, కింద ఏదో ఉంది” అన్నది. కన్నడంలో ‘ర్తి’ రాయాలంటే ముందు ‘తి’ రాసి, రేఫను దాని తరువాత కొక్కెంలా పెడతారు. తెలుగులో ‘రి’ కింద తవత్తు. నాన్నగారికి ఇక ఆగలేదు. “మా చిన్నప్పుడు తెలుగులోనూ అట్లే రాసేవాళ్ళమమ్మా! దాన్ని వలపలగిలక అంటారు. మా బడిలో పలక మీద దిద్దినాను” అని, మసక అద్దం మీద వేలితో రాసి చూపారు. మనుమరాలు అది చూసి, “అయితే తాతగారూ, మీ పాత తెలుగు నా కన్నడమే!” అన్నది. డెబ్బై అయిదేళ్ళ మనిషి పకపకా నవ్వారు. బాగలూరు బడి గేటు దగ్గర నవ్వని నవ్వంతా అక్కడ నవ్వారు. మేము ఆ రోడ్డు మీద ఇంకా ఎంతసేపు నిలబడేవాళ్ళమో గాని, రాయి ఎత్తిన లారీ ఒకటి హారను కొట్టింది.

కాటా గుమాస్తాగారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచారు. మేము ఊహించుకున్నది లావుపాటి మనిషిని, వచ్చినది సన్నగా చెరకుగడలాంటి మనిషి. వారూ మమ్మల్ని ఇంకోలా ఊహించుకున్నారట. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, “మీరు తెలుగువారాండీ? పదకొండేళ్ళుగా, కన్నడాయన తెలుగు ఎంత చక్కగా నేర్చుకున్నాడా అని మా ఇంట్లో చెబుతున్నాను” అన్నారు. మా శ్రీమతి మావైపు చూసింది. ఈసారి గట్టిగా ఏమీ అనలేదు.

రామతీర్థం వైపు ఉన్న క్వారీ ఒకదాని అంచు దాకా ఆయనే తీసుకువెళ్ళారు. చూసినవారికి గాని చెబితే అర్థం కాదు. కొండ అనుకొని పోతే అది గొయ్యి. మెట్లు మెట్లుగా లోపలికి, ఇంకా లోపలికి, అడుగున పచ్చని నీళ్ళు. అక్కడ కదిలే లారీలు పిల్లల బొమ్మలంత ఉన్నాయి. వజ్రపు పూసలు గుచ్చిన తీగ రంపంలా తిరుగుతూ రాతిని కోస్తున్నది. పూర్వం ఉలి, సమ్మెట, మందుగుండు చేసే పని ఇది. దేశమంతా బావులు తవ్వి, బండలు కొట్టిన వడ్డెరలు కర్ణాటకలో స్థిరపడినవారు కూడా ఈనాటికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారన్న సంగతి మనకు తెలిసిందే. ఇప్పుడు ఈ గోతుల్లో ఒరియా, హిందీ వినిపించాయి. జిగణిలోనూ మెరుగు యంత్రాల దగ్గర అవే వినిపిస్తాయి. రాయి రెండు కొసలా మనుషులు ఒకరే అన్నమాట.

దీనిని వ్యాపారంలో గ్రానైటు అంటారు గాని, భూగర్భశాస్త్రం తెలిసినవారు గాబ్రో జాతి రాయి అంటారు. బంగారంలా మెరిసేది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. ఘనమీటరు దిమ్మ బరువు సుమారు మూడు టన్నులు. పగులు లేని దిమ్మ దొరకడం అదృష్టం. పగిలినది, మచ్చ ఉన్నది గుట్టలుగా పక్కన పోస్తారు. ఊరి చుట్టూ కనిపించే కొండలలో చాలావరకు అలా పోసినవే. రోడ్డు పక్క వేపచెట్లు దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. ఈ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో రాళ్ళ పనిలో ఉన్న అందరికీ తెలుసు. జిగణిలో మెరుగు పట్టిన పలక చూసి మురిసిపోయినప్పుడెప్పుడూ దాని రెండో సగం ఇక్కడ గొయ్యిగా ఉన్నదని మాకు తోచలేదు. ఆవర్జాలో ‘వచ్చిన చోటు’ అని ఒక గడి ఉన్నది గాని, ‘మిగిలినది’ అని గడి లేదు. గోతుల వల్ల పొలాల బావులు ఇంకిపోయాయని, క్వారీల వల్లనే పిల్లల చదువులు జరిగాయని, రెండు మాటలూ కాటా గుమాస్తాగారే చెప్పారు. రెండూ ఒకే గొంతుతో చెప్పారు.

వారి అమ్మాయి ఒంగోలులో ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నది. మేము భాష సంగతి ఎత్తితే, “ఇక్కడ మాత్రం ఏముందండీ, మా అమ్మాయి తెలుగు పేపరు కూడా చదవదు” అన్నారు. 2019లో ఆంధ్ర ప్రభుత్వం బడులను ఇంగ్లీషులోకి మార్చే ఉత్తర్వు తేవడం, అది కోర్టులకు ఎక్కడం పత్రికల్లో చూసినదే. సరిహద్దు ఇవతల ఉన్నందుకే మన పిల్లలకు చదవడం పోతున్నదని మేము ఇన్నాళ్ళూ అనుకున్నాము. అవతల ఉన్నవారికీ నిలవడం లేదు. దీనికి సంతోషించాలో విచారించాలో తేలలేదు.

నాన్నగారు గుట్ట మీదనుంచి అరచేయంత రాయి ఒకటి ఏరుకున్నారు. జిగణికి రాయి మోసుకుపోవడమేమిటని మా తోడల్లుడు నవ్వాడు. “అక్కడిది కొన్నది, ఇది ఏరుకున్నది” అన్నారు ఆయన. చింతకాయలతో పాటు అదే జేబులో వేసుకున్నారు.

తిరుగు ప్రయాణం కోలారు మీదుగా, లారీల దారినే. మొగిలి కనుమ ఎక్కుతున్నప్పుడు అందరం గొట్టం మీదే దృష్టి పెట్టుకొని మాట్లాడకుండా కూర్చున్నాము. వి.కోట కుర్రాడు వేసినది చెక్కుచెదరలేదు. పలమనేరు, ముళబాగిలు మధ్య మూడో సరిహద్దు దాటగానే బోర్డులు కన్నడంలోకి వచ్చాయి. అమ్మాయి, “ఇవి మరీ సులభం” అని నిద్రపోయింది. జిగణి చేరేసరికి రాత్రి రెండు దాటింది.

ఈ దారిన వెళ్ళదలచిన సభ్యులకు ఒకటి రెండు సూచనలు. మార్చి దాటిన తరువాత నాయుడుపేట, నెల్లూరు ఎండలకు పాత బండి పనికిరాదు. మహారాజకడై దారిలో చీకటి పడేలోగా కుప్పం చేరుకోవాలి, ఏనుగుల బోర్డులు ఊరికే పెట్టినవి కావు. క్వారీ అంచుకు తెలిసినవారు తోడు లేకుండా పిల్లలతో వెళ్ళకూడదు. చదవడం రాని పిల్లలను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వ్యాను సంగతి అడిగేవారికి: ఫిబ్రవరిలో రుసుము కట్టాము, తనిఖీలో బ్రేకులు మార్చమన్నారు, మార్చాము. ఇంకా ఐదేళ్ళు తిరుగుతుంది.